దాడికి తగ్గ దండు

ఫుట్‌బాల్ జట్టులోని ఆటగాళ్లు కోచ్ ఎంచుకున్న దాడి శైలికి సరిపోతారా లేదా అన్న చర్చకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. జట్టు గెలుస్తున్నంత కాలం ఇది ఎవరికీ గుర్తు రాదు. వరసగా మూడు మ్యాచ్‌లు పోగానే మొదలవుతుంది. కోచ్ మంచివాడే, ఆటగాళ్లకే అంత సీన్ లేదని ఒక వర్గం అంటుంది. ఆటగాళ్లు మాణిక్యాలు, కోచ్‌కే దాడి అంటే తెలియదని రెండో వర్గం అంటుంది. యజమాని ఏ వర్గంలోనూ చేరడు. ఆయన కొత్త కోచ్ కోసం వెతుకుతుంటాడు.

దాడి శైలి బోర్డు మీద చాలా తేలిక. రెండు పక్కలా ఉండే ఫుల్‌బ్యాక్‌లు గీత వెంబడి పైకి పరుగెత్తాలి. వాళ్లు వదిలివెళ్లిన ఖాళీని కాచుకోవడానికి వెనకున్న ఇద్దరు డిఫెండర్లకు వేగం ఉండాలి. మైదానం మధ్యలో, బంతి అందగానే వెనక్కి కాకుండా ముందుకు చూసే మనిషి ఒకడు కావాలి. చివర, ఇంత కష్టపడి తెచ్చిన బంతిని వలలోకి కొట్టేవాడు కావాలి. ఈ వరసలో ఎవరు లేకపోయినా దాడి ఆగదు, కాకపోతే ఆ దాడి అవతలి జట్టు చేస్తుంది.

ఇక తప్పు ఎవరిదని తేల్చే పద్ధతి హైదరాబాద్ అశోక్‌నగర్ వాసులకు కొత్తగా వివరించనక్కర్లేదు. అక్కడి కోచింగ్ సెంటర్లలో ర్యాంకు వస్తే ఫ్లెక్సీ మీద సెంటర్ పేరు పెద్దది, రాకపోతే తప్పంతా అభ్యర్థిది. ఫుట్‌బాల్‌లో మాత్రం న్యాయం కొంచెం తిరగబడింది: పదకొండు మందిని ఒకేసారి తీసేయడం ఖర్చుతో కూడిన పని గనుక ఒక్క కోచ్‌ను తీసేస్తారు.

ఈ సమస్యకు హైదరాబాద్ నగరం ఒకప్పుడు జవాబు చెప్పింది. చెప్పినవాడు ఒక బడిపంతులు. 1909లో ఇక్కడే పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం కాచిగూడలోనూ చాదర్‌ఘాట్‌లోనూ బడుల్లో పాఠాలు చెప్పాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. కోచ్, సంఘం కార్యదర్శి ఒక్కరే కావడం వల్ల ఇద్దరికీ పడడం లేదన్న వార్త రాసుకునే భాగ్యం ఆనాటి పత్రికలకు దక్కలేదు.

రహీంకు తన శైలికి సరిపోయే ఆటగాళ్లు దొరికారా? దొరకలేదు. తయారు చేసుకున్నాడు. పిల్లలకు వయసుల వారీగా పోటీలు పెట్టాడు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టాడు; కుడికాలి వాటం వాడు అందులో కుడికాలిని ఊతకర్రలాగే వాడుకోవాలి. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు కూడా జరిపాడు. బంతి అందిన మరుక్షణం పక్కవాడికి ఇచ్చేయాలి, సొంత విన్యాసాలు కుదరవు. ఇలా పెరిగిన కుర్రాడికి పెద్దయ్యాక ‘వేగంగా పాసులు ఇచ్చి దాడి చేయండి’ అని ప్రత్యేకంగా చెప్పే పని ఉండదు. ఇప్పటి లెక్కలో చూస్తే రహీం ట్రాన్స్‌ఫర్ మార్కెట్ సాయంత్రం బడి గంట కొట్టాక తెరుచుకునేది. ఏజెంట్లు లేరు, కమీషన్ లేదు. ఈ కారణంగానే ఆ విధానం తర్వాతి తరాల నిర్వాహకులను ఆకర్షించలేదు.

ఫలితాలు రికార్డుల్లో ఉన్నాయి. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు సిటీ పోలీస్ జట్టు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1956-57లో, ఆ మరుసటి సీజన్లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కు వచ్చింది. ఆ ఆటగాళ్లకు ఇంకో సౌకర్యం ఉండేది. పోలీసు ఉద్యోగం కాబట్టి నెల తిరగ్గానే జీతం చేతికొచ్చేది. దాడి శైలి మీద వచ్చిన గ్రంథాల్లో ఈ అంశానికి చోటు దక్కకపోవడం ఆశ్చర్యమే, ముందుముందు దీని అవసరం పడుతుంది.

దేశ జట్టును కూడా రహీంకే అప్పగించారు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చింది. అప్పటికి మనవాళ్లలో చాలామందికి బూట్లు అలవాటు లేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా పది గోల్స్ కొట్టి, ఒకటి కొట్టనిచ్చింది. బూట్లు తప్పనిసరి చేయడానికి భారత ఫుట్‌బాల్‌కు అంత స్పష్టమైన సూచన కావలసి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో రహీం జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. జట్టు సెమీఫైనల్ చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ 4-2-4 వ్యూహంతో లోకాన్ని అబ్బురపరచక ముందే రహీం ఆ తరహా ఆట ఆడించాడని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. బ్రెజిల్‌ను చూసి మనవాళ్లు అబ్బురపడ్డ తీరులో మాత్రం లోపం లేదు.

అసలు పాఠం 1962 జకార్తాలో ఉంది. ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయిలాండ్ మీద ఆడుతూ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలించుకున్నాడు, కుట్లు పడ్డాయి. తలతో బంతిని అడ్డుకోవడమే వృత్తిగా ఉన్నవాడికి తలకే కట్టు. ఇలాంటప్పుడు ‘నా శైలికి తగిన ఆటగాళ్లు లేరు’ అని విలేకరుల సమావేశం పెట్టడం నేటి ఆచారం. రహీం ఆ జర్నైల్‌ను తెచ్చి ముందు వరసలో ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియా. దాదాపు లక్షమంది ప్రేక్షకుల్లో భారత్‌ను కోరుకున్నవాళ్లు బహు తక్కువ. మొదటి గోలు పీకే బెనర్జీది, రెండోది కట్టు కట్టుకున్న డిఫెండర్‌ది. 2-1తో బంగారు పతకం. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో చనిపోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఆ తర్వాత మళ్లీ బంగారం గెలవలేదు. ఆయన మీద ‘మైదాన్’ అని హిందీ సినిమా 2024లో వచ్చింది. నగరంలో కొందరికి రహీం మనవాడేనన్న సంగతి ముంబై వాళ్లు చెబితే తెలిసింది.

మైదానం అంటే బషీర్‌బాగ్ చౌరస్తా పక్కనున్నదే గుర్తుకు రావాలి. 1687లో గోల్కొండను ముట్టడించిన మొఘల్ సేన విడిది చేసిన చోటు గనుక దానికి ఫతే మైదాన్ అని పేరొచ్చిందంటారు. తర్వాత అది లాల్ బహదూర్ స్టేడియం అయింది. ఈ స్టేడియం తెలుగువారికి ఎక్కువగా పరిచయమైంది ప్రమాణ స్వీకారాల వల్ల: 1983 జనవరిలో ఎన్టీఆర్, 2004 మేలో వైఎస్సార్, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి. ఆటగాళ్లు నాయకుడి శైలికి ఎంత త్వరగా నప్పగలరో ఫుట్‌బాల్ వాళ్లు ఇక్కడి ప్రజాప్రతినిధులను చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. సీజన్ మధ్యలో జెర్సీ మారినా కొత్త కోచ్ వ్యూహం తమకు చిన్నప్పటి నుంచీ ఇష్టమేనని చెప్పగలిగిన ఆటగాళ్లు ఐరోపాలో కూడా అరుదు.

ఆధునిక యుగం 2019లో మొదలైంది. పుణె జట్టు మూతపడగా ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో దిగింది. తొలి కోచ్ ఫిల్ బ్రౌన్ ఇంగ్లండ్‌లో హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కు చేర్చినవాడు. 2008లో ఒక మ్యాచ్ సగంలో నాలుగు గోల్స్ వెనకబడ్డ జట్టును డ్రెస్సింగ్ రూముకు పోనివ్వకుండా మైదానంలోనే, ప్రేక్షకుల ఎదుట కూర్చోబెట్టి చివాట్లు పెట్టినవాడిగా ఇంకా ప్రసిద్ధుడు. హైదరాబాద్ తొలి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో 5-0తో ఓడింది. బ్రౌన్ జనవరిలో వెళ్లిపోయాడు. 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. తర్వాత పేరు ఖరారైన ఆల్బర్ట్ రోకా కొత్త సీజన్ మొదలవకముందే బార్సిలోనా పిలిస్తే వెళ్లాడు. కాబట్టి ఆయన శైలికి జట్టు నప్పేదా లేదా అన్నది శాశ్వతంగా చర్చించుకోదగ్గ అంశంగా మిగిలింది.

2020 ఆగస్టు చివర మనోలో మార్క్వెజ్ వచ్చాడు. స్పెయిన్ మనిషి. కుర్రవాళ్ల మీద నమ్మకం ఎక్కువ. ఆకాశ్ మిశ్రా ఎడమ పక్కన, ఆశిష్ రాయ్ కుడి పక్కన గీత వెంబడి పైకి పరుగెత్తారు. మధ్యలో జావో విక్టర్ ఉన్నాడు. 2021-22లో చివరి మనిషి కూడా దొరికాడు: నైజీరియాకు 2002 ప్రపంచకప్ ఆడిన బార్తొలోమ్యూ ఓగ్బెచే. వయసు 37. ఆ సీజన్లో ఆయన 18 గోల్స్ కొట్టాడు. జట్టు లీగ్ దశలో 43 గోల్స్ కొట్టి రెండో స్థానంలో నిలిచింది. 2022 మార్చి 20న ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ ముందంజలో ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. కప్పు హైదరాబాద్‌ది. కోవిడ్ కారణంగా లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది గనుక ఛాంపియన్ అయిన ఏడాది హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నగరానికీ జట్టుకూ మధ్య ఏ ఘర్షణా తలెత్తని ఏకైక సీజన్ అదే.

కోచ్‌కు ఆటగాళ్లు నప్పారని అందరూ ఒప్పుకున్న మరుక్షణం వాళ్లకు ధర పలుకుతుంది. వాళ్లలో లిస్టన్ కొలాసో 2021లోనే కోల్‌కతా వెళ్లాడు, మరుసటి ఏడు ఆశిష్ రాయ్ అదే బాట పట్టాడు, 2023లో ఆకాశ్ మిశ్రా ముంబై చేరాడు. మార్క్వెజ్ కూడా గోవాకు మారాడు. దాడి శైలి మిగిలింది. దాన్ని ఆడేవాళ్లే లేరు.

2023-24లో జీతాల బకాయిల వ్యవహారం రచ్చకెక్కి విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో చేతికి మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. రెండేళ్ల కింద 43 గోల్స్ కొట్టిన జట్టు ఈసారి సరిగ్గా 43 గోల్స్ సమర్పించుకుంది, పది మాత్రం కొట్టింది. ఆ కుర్రాళ్లు సింగ్టో శైలికి సరిపోతారా అని అప్పుడూ విశ్లేషణలు వచ్చాయి. జీతం రాని మనిషి ఏ శైలిలో పరుగెత్తాలో వాటిలో ఎక్కడా లేదు.

2024 జులైలో మార్క్వెజ్‌కు భారత జట్టు బాధ్యత దక్కింది, గోవా కొలువు వదలకుండానే. తొలి పరీక్ష పాత ఊళ్లోనే: సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్. మారిషస్‌తో 0-0. సిరియా చేతిలో 3-0 ఓటమి. నవంబరులో అక్కడే మలేసియాతో 1-1, ఆ ఒక్క గోలూ డిఫెండర్ రాహుల్ భేకేది. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, మొత్తం ఐదు గోల్స్, అందులో మూడు మాల్దీవుల మీద. 2025 జులైలో ఆయన తప్పుకున్నాడు. అదే కోచ్ చేతుల్లో గోవా జట్టు ఆ సీజన్ లీగ్‌లో రెండో స్థానం పొందింది, మేలో సూపర్ కప్ గెలిచింది.

తేడా ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాదు. ఐఎస్‌ఎల్ జట్లలో స్ట్రైకర్ కుర్చీ చాలావరకు విదేశీయుడిది. మనవాళ్లు పక్కల్లో పరుగెత్తి, బంతి తెచ్చి ఆయనకు ఇస్తారు. ఏళ్ల తరబడి అదే పని చేసినవాళ్లను జాతీయ జట్టులో గోల్ కొట్టమంటే, బంతి తెచ్చి ఎవరికి ఇవ్వాలో తెలియక వెతుక్కుంటారు. ఓగ్బెచేకు భారత పాస్‌పోర్టు లేదు. అందుకని 2024 జూన్‌లో వీడ్కోలు తీసుకున్న సునీల్ ఛెత్రిని 40 ఏళ్ల వయసులో 2025 మార్చిలో మళ్లీ పిలిచారు. ఆయన వచ్చి మాల్దీవుల మీద గోలు కొట్టాడు కూడా. మార్క్వెజ్ దాడి శైలికి నలభైకి అటూ ఇటూ ఉన్న స్ట్రైకర్ బాగా నప్పుతాడన్నది ఈ మొత్తం వ్యవహారంలో గట్టిగా రుజువైన ఒకే సూత్రం.

బలహీనమైన కాలితో ఆడించే టోర్నమెంటును క్లబ్బు యజమానులు తిరిగి మొదలుపెట్టలేదు. దాని బదులు మరింత సమూలమైన పరిష్కారం దొరికింది. కోచ్‌లను మార్చి చూశారు, ఆటగాళ్లను మార్చి చూశారు, 2024లో యాజమాన్యమే మారింది. ఇక మారనిది ఊరొక్కటే. 2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టుకుంది. ఆటగాళ్లు కోచ్‌కు నప్పుతారా లేదా అన్న తగువు ఇకపై ఢిల్లీ వాళ్లది.