గమ్లా చీటీకి టీకా తాత్పర్యం

మూలం: ఈ బహువార్షిక పుష్పజాతికి సంపూర్ణ సూర్యరశ్మి, తగుమాత్రపు జలము, సకాల పోషణ ఆవశ్యకము.

అవతారిక: హైదరాబాదు గౌలిపురాలో మా వాకిట్లోకి గమ్లాలో, అంటే పూలకుండీలో, వచ్చిన కాగితపు పూల మొక్క మెడలో పసుపుతాడులా వేలాడుతున్న ప్లాస్టిక్ చీటీ మీది వాక్యమిది. కర్త అజ్ఞాతుడు. శైలిని బట్టి జీవోలు రాసి రిటైరైనవాడని ఊహ. మన మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. దానికి సంజీవని అని పేరు. మొక్క వాడిపోతోంది గనుక ఆ పేరు మాకూ పనికొస్తుంది. ఒట్టు మాత్రం పెట్టుకోలేము.

బహువార్షిక, ఆవశ్యకము: సుగమం.

పుష్పజాతి: ఇది చింత్యం. కాగితపు పూలలో రాణీ రంగున మెరిసేవి రేకులు కావు, రంగెక్కిన ఆకులు. శాస్త్రకారులు వాటిని పుచ్ఛాలంటారు. మూడేసి పుచ్ఛాల నడుమ సన్నని గొట్టాలు మూడుంటాయి, కొసన తెల్లగా చిట్లి. అసలు పూలవే. వాటిని ఎవరూ చూడరు. ఈ తీగది బ్రెజిల్. 1766లో మొదలైన బూగన్‌విల్ భూప్రదక్షిణ యాత్రలో కొమర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని రియో దగ్గర సేకరించాడు. మొక్కకు పేరు మాత్రం యాత్రా నాయకుడు బూగన్‌విల్‌ది దక్కింది. కొమర్సన్ వెంట మగవేషంలో సహాయకుడిగా ఓడెక్కిన జాన్ బారే ఈ మొక్కల మూటలన్నీ మోసింది. భూమి చుట్టి వచ్చిన మొదటి స్త్రీ ఆమే అంటారు. మోసిన మనిషి పేరు ఈ మొక్కకు దక్కలేదు. ఎక్కడున్నాం? చీటీ దగ్గర.

సంపూర్ణ సూర్యరశ్మి: కనీసం ఆరు గంటలు నేరుగా పడే ఎండ అని సంప్రదాయం. ఎవరి ఆకాశంలో? హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ సూర్యుడు నడినెత్తికి వస్తాడు, మనిషి నీడ కాళ్ళ కిందికే పోతుంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నమైనా దక్షిణాన 49 డిగ్రీల ఎత్తు మించడు. ఆ రోజు 30 అడుగుల గోడ నీడ ఉత్తరానికి 26 అడుగులు పడుతుంది. మా వాకిలి 18 అడుగులు. గోడ దక్షిణపు ఇంటివారిది.

మే నెలలో ఎండ పడుతుంది కదా అని పూర్వపక్షం. పడుతుంది, గచ్చు మీద కాలు పెట్టనివ్వదు. కానీ కాగితపు పువ్వు పూసేది కొత్త కొమ్మ చివర. చలికాలమంతా నీడన పెరిగిన కొమ్మ వెలుతురు వెతుక్కుంటూ గోడ పొడవునా సాగుతుంది, ముళ్ళు పెంచుతుంది, పూయదు. ఇరువైపులా అంతస్తులు లేచిన గల్లీలో సంపూర్ణ సూర్యరశ్మి ఎవరింట్లో ఉంది? చీటీ రాసినాయన దాన్ని కూడా గమ్లాతోపాటు అమ్మితే బాగుండేది.

తగుమాత్రపు జలము: తగు మాత్రం ఎంత? చెంబా, బిందెనా? నల్లా రోజు విడిచి రోజు వచ్చే వీధిలో ఈ మాట అనడానికి నోరెలా వచ్చింది? మొక్కను ఆటోలో పెడుతూ నర్సరీ మాలి చెప్పాడు: "సార్, ఆకు జర వాలినంక పొయ్యున్రి. రోజు పోస్తే ఆకులే వస్తయి, పువ్వు రాదు." ఇంత మాట చీటీ మీద పట్టదా? ఆవశ్యకముకు చోటు దొరికింది, ఈ మాటకు దొరకలేదు.

సకాల పోషణ: ఎరువు సంచి అమ్మడానికి తర్వాతెవరో కలిపిన ప్రక్షిప్తం. నత్రజని ఎక్కువైతే ఈ తీగ ఆకే వేస్తుంది. పూత అయ్యాక కత్తిరించమని చెప్పవలసిన చోట ఇది చెప్పారు.

తాత్పర్యం: దక్షిణపు ఇంటివారు ఇంకో అంతస్తుకు ఇసుక దింపించారు. గమ్లా డాబా మీదికి ఎక్కాలి. మెట్లు ఇరుకు. మోయడానికి ఇద్దరు కావాలి.