నది కింద ఊరు

పెరూ దేశంలో ఇకీటోస్ అని ఒక నగరం. నాలుగైదు లక్షల జనం ఉంటారు. విమానాశ్రయముంది, బజార్లున్నాయి, వీధుల్లో మన ఆటోల్లాంటి మూడు చక్రాల బళ్లు రయ్యిమని తిరుగుతుంటాయి. లేనిదల్లా బయటికి పోయే రోడ్డు. దేశంలోని మరో నగరానికి వెళ్లాలంటే విమానమన్నా ఎక్కాలి, పడవన్నా ఎక్కాలి. ఉన్న ఒక్క రోడ్డూ అడవిలో నూరు కిలోమీటర్ల దాకా పోయి, నౌటా అనే రేవులో నది ఒడ్డున ఆగిపోతుంది. 2025 మే నెలలో మేం పడవెక్కింది ఆ రేవులోనే.

మేమంటే నేనూ, మా ఆవిడా. మా పెళ్లయి నలభై ఏళ్లయిందని హ్యూస్టన్‌లో ఉన్న మా అబ్బాయి జరిపించిన ముచ్చట ఇది. అమెజాన్ అడవుల్లో చిన్న పడవ మీద ఐదు రోజుల ప్రయాణం. పన్నెండు మంది ప్రయాణికులం. తిండీ పడకా పడవలోనే. 'స్థానికుల గ్రామాల సందర్శన' కూడా ఉంటుందని టికెట్టుతో పాటు వచ్చిన కాగితంలో ప్రత్యేకంగా రాశారు.

"రాజమండ్రిలో కాపురముండి, పాపికొండలు చూపించండి మహాప్రభో అని ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. ఆ మాట దాటేస్తూనే వచ్చారు. ఆఖరికి కొడుకు తీసుకొచ్చి అమెజాన్‌లో దింపాడు" అంది మా ఆవిడ, పడవ పైకప్పు మీద కుర్చీలో కూలబడుతూ.

"అక్కడ చూడ్డానికేముందే, కొండలూ నీళ్లూ తప్ప" అన్నాను ఎప్పట్లాగే.

"ఇక్కడ కొండలు కూడా లేవు" అంది.

నిజమే. ఎటు చూసినా నీళ్లు, నీళ్ల మీద చెట్లు, చెట్ల మీద ఆకాశం. నౌటా దగ్గర మరాన్యోన్, ఉకయాలి అనే రెండు నదులు కలుస్తాయి. పెరూవాళ్లు అక్కణ్ణించే దాన్ని అమెజాన్ అంటారు. ఆ రెండు నదుల నడుమ ఉన్నది పకాయా-సమీరియా అభయారణ్యం. విస్తీర్ణం ఇరవై వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. మన పాత తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండూ కలిపితే ఎంతో, దాదాపు అంత.

మేము వెళ్లింది నీళ్లు నిండుగా ఉండే రోజుల్లో. ఇకీటోస్ దగ్గర ఏడాదిలో నీటిమట్టం పది మీటర్ల దాకా పెరిగి తగ్గుతుందట. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. అందుచేత మేం అడవిలో నడిచింది లేదు. పెద్ద పడవని ఒక పాయలో ఆపేసి, చిన్న మరపడవల్లో చెట్ల మధ్య నుంచి పోయేవాళ్లం. చెయ్యి చాస్తే కొమ్మలు. మే నెలలో చిటారుకొమ్మని పలకరించడం, ఆగస్టులో అదే చెట్టు మొదట్లో నిలబడి తలెత్తి చూడ్డం. అదీ అక్కడి లెక్క.

చిన్న పడవలోకి దిగే ప్రతిసారీ అందరూ లైఫ్ జాకెట్లు బిగించుకుంటే గానీ గైడు ఇంజను ముట్టుకునేవాడు కాదు. మా ఆవిడ తన బకిల్‌ని రెండుసార్లు లాగి చూసుకునేది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన తర్వాత గోదావరి జిల్లాలవాళ్లకి ఆ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

సాయంత్రాలు గులాబీ రంగు డాల్ఫిన్లు కనిపించేవి. 'బుఫెయో' అంటారు అక్కడ. గులాబీ అంటే నిజంగానే గులాబీ, తడిసిన పెద్ద ముల్లంగిలా ఉంటుంది వీపు. రాత్రిపూట అది టోపీ పెట్టుకున్న అందగాడి వేషంలో ఊళ్లోకొచ్చి ఆడపిల్లల్ని మాయ చేస్తుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. గైడు ఈ కథ చెప్పగానే అందరూ నవ్వుతూ నా నెత్తిమీది టోపీ వంక చూశారు. మా ఆవిడ కూడా చూసింది.

"మీకంత సీను లేదులెండి" అంది.

ఆ గైడు కుకామా తెగవాడు. నౌటాలోనే పుట్టి పెరిగాడు. రెండో రాత్రి భోజనాలయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టి నది కష్టాలు చెప్పాడు. చమురు కోసం 1970లలో వేసిన గొట్టం 2014లో కునినికో అనే ఊరి దగ్గర చిల్లుపడి, చమురు నీళ్లలో కలిసి చేపలు తెల్లగా తేలాయట. అంతకుముందే ఒక సంఘంగా ఏర్పడి ఉన్న కుకామా ఆడవాళ్లు 2021లో కోర్టుకెక్కారు. తమకి నష్టపరిహారం ఇమ్మని కాదు, నదికి హక్కులున్నాయని ఒప్పుకోమని. 2024 మార్చిలో నౌటా కోర్టు ఒప్పుకుంది. మరాన్యోన్ నదికి పారే హక్కుంది, శుభ్రంగా ఉండే హక్కుంది అని తీర్పు చెప్పింది. ఆ పోరాటాన్ని నడిపిన మరీ లూజ్ కనాకిరి అనే ఆవిడకి మేము వెళ్లడానికి నెల ముందే గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది.

నాకు ఆవేశం వచ్చేసింది. లేచి నిలబడ్డాను. ముప్పైనాలుగేళ్లు ప్రభుత్వోద్యోగం చేసినవాణ్ణి, ఉపన్యాసం నాకు కొత్త కాదు.

"ఆఫీసుల్లో కూర్చుని పటం మీద గీతలు గీసేవాళ్లకి నదంటే ఏం తెలుస్తుంది? ఊరంటే ఏం తెలుస్తుంది? ఆ అధికార్లు ఒక్కరన్నా, ఒక్క పూటన్నా, ఈ జనం ఇంట్లో కూర్చుని వాళ్ల మాట విన్నారా?" అని ఇంగ్లీషులో దంచేశాను.

కెనడా నుంచి వచ్చిన ముసలి దంపతులు చప్పట్లు కొట్టారు. గైడు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మా ఆవిడ మాత్రం దోమల మందు రాసుకుంటూ తల ఎత్తలేదు.

మూడో రోజు పొద్దున కుకామాల పల్లెకి వెళ్లాం. ఇళ్లన్నీ కొయ్య స్తంభాల మీద మంచెల్లా ఉన్నాయి. గోడలు సగం దాకే, పైన తాటాకుల్లాంటి కప్పు. బడి ముందు ఫుట్‌బాల్ మైదానం ఉందని చెప్పారు గానీ మాకు నీళ్లలో నిలబడ్డ రెండు గోల్ పోస్టులే కనిపించాయి. ఆ రెంటి మధ్య నుంచి ఒక పిల్లాడు దోనె నడుపుకుంటూ వచ్చి, గోల్ కొట్టినవాడిలా చేతులు పైకెత్తాడు.

ఒక పెద్దావిడ ఇంట్లోకి తీసుకెళ్లారు. ఎనభై ఏళ్లుంటాయేమో. పలక మీద గీతల్లా ముడతలు, తెల్లని పళ్లు. మమ్మల్ని నేలమీద చాపల మీద కూర్చోబెట్టి, సొరకాయ బుర్రతో చేసిన గిన్నెలో మసాటో పోసి ఇచ్చింది. కర్రపెండలంతో చేసే కల్లు అది, కాస్త పుల్లగా మజ్జిగలా ఉంది. మర్యాద కోసం గుటకలేసి మొత్తం తాగేశాను. ఉడికిన దుంపని ఆడవాళ్లు నమిలి ఉమ్మితే అది పులిసి మసాటో అవుతుందని, పాత పద్ధతి అదేనని, గైడు అప్పుడు చెప్పాడు. గిన్నె మా ఆవిడ దాకా వచ్చేసరికి "ఇవాళ నాకు ఒక్కపొద్దని చెప్పండి" అంది.

తర్వాత ఆడవాళ్లు తమ చేతిపనులన్నీ పరిచారు. చంబిరా అనే తాటిజాతి చెట్టు నారతో అల్లిన సంచులు, బుట్టలు, గింజల దండలు. మా ఆవిడ ఎర్రగింజల దండ ఒకటి పట్టుకుని బేరం మొదలెట్టింది. ఇరవై సోల్‌ల దండ పదిహేనుకి ఇస్తావా అని వేళ్లు చూపిస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"బేరమాడకు. పాపం, అడవినే నమ్ముకున్నవాళ్లు. వాళ్ల కష్టం వాళ్లకి దక్కనీ" అన్నాను, గైడుకీ కెనడావాళ్లకీ వినపడాలని మళ్లీ ఇంగ్లీషులో కూడా అన్నాను.

పెద్దావిడ మాట్లాడుతుంటే గైడు ఇంగ్లీషు చేసి చెబుతున్నాడు. ఆవిడ తమ్ముడు పదిహేనేళ్ల వయసులో చేపలకెళ్లి నదిలో పడిపోయాడట. శవం దొరకలేదు. దొరకలేదంటే చచ్చిపోలేదన్నమాట. నది అడుగున ఊళ్లున్నాయి, ఇళ్లున్నాయి, వీధులున్నాయి. అక్కడ కొండచిలువలే ఊయలలు. నీళ్లలో పోయినవాళ్లు అక్కడ కాపురాలుంటారు. అప్పుడప్పుడు కలలోకొచ్చి కబుర్లు చెప్పి పోతారు. తమ్ముడికి పెళ్లయిందట, పిల్లలు కూడానట. ఇదంతా ఆవిడ పక్కింటివాళ్ల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆ మధ్య పెద్ద ఓడల కోసం నదిని తవ్వి లోతు చేస్తామని ప్రభుత్వం అంటే, మావాళ్లు అడ్డం తిరిగింది ఇందుకు కూడా. కింద మనవాళ్ల ఇళ్లున్నాయి కదా, తవ్వితే వాళ్లెక్కడికి పోతారు అని" అన్నాడు గైడు.

"అద్భుతం" అన్నాను. ఫోనులో రాసుకున్నాను కూడా.

ఆవిడ నావైపు తిరిగింది.

"మీదీ నది ఒడ్డు ఊరేనటగా?"

"అవును. గోదావరి" అన్నాను గర్వంగా.

"పెద్దదేనా?"

"చాలా పెద్దది."

"మరి మీ నది కింద ఊళ్లున్నాయా?"

నవ్వబోయి ఆగిపోయాను. అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"ఉన్నాయి" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. దూరదేశంలో చుట్టం దొరికినట్టు నా మోకాలి మీద చెయ్యేసింది. "ఎవరుంటారు అందులో?"

"ఎవరూ ఉండరు. ఆనకట్ట కడుతున్నాం. నీళ్లొచ్చేలోగా అందర్నీ వేరేచోటికి పంపించేశాం."

గైడు ఈ మాటని కుదురుగా చెప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. ఆవిడ శ్రద్ధగా విని, ఒక్క ముక్క అడిగింది. గైడు వెంటనే నాకు చెప్పలేదు.

"ఏమంటోంది?" అన్నాను.

"చచ్చిపోయినవాళ్లని కూడా పంపించారా అని అడుగుతోంది సార్."

ఈ ప్రశ్న నన్ను అడగడం ఇది రెండోసారి.

మొదటిసారి అడిగింది ఇరవై ఏళ్ల కిందట, దేవీపట్నం మండలంలో ఒక కొండరెడ్ల పల్లెలో. ముంపు సర్వే ఫారాలు చంకన పెట్టుకుని లాంచీ దిగింది నేనే. పూరిల్లు ఒకటి, చింతచెట్లు రెండు, పనసచెట్టు ఒకటి, మేకలు నాలుగు అని నిలబడే రాసుకుంటున్నాను. ఇంటి ముసలాయన నులకమంచం వాల్చి, దాన్ని తువ్వాలుతో దులిపి, "కూకో బాబూ" అన్నాడు. కూర్చోలేదు. రాయడం అంతా అయ్యాక ఆయన కొండవాలు చింతలకేసి చెయ్యి చూపించాడు.

"అన్నీ రాసుకున్నావు. ఆ చెట్ల కింద మా పెద్దోళ్లు ఉన్నారు. ఆళ్లనేడ రాశావు బాబూ? ఆళ్లనెక్కడికి పంపుతారు?"

ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను.

"దానికి కాలమ్ లేదు" అన్నాను. వేలిముద్ర వేయించుకున్నాను. ఆయన ఇంకా ఏదో అనబోతుంటే, "లాంచీకి టైమైపోతోంది" అని వచ్చేశాను. ఆ పల్లె ఇప్పుడు వరదలొస్తే నీళ్లలోనే ఉంటుంది. పాపికొండలకి పోయే దారి అదే.

పెద్దావిడ చెయ్యి ఇంకా నా మోకాలి మీదే ఉంది.

"ఏం చెప్పమంటారు సార్?" అన్నాడు గైడు.

"పడవకి టైమైపోతోందని చెప్పు" అన్నాను.

తిరుగు ప్రయాణంలో ఎవరం మాట్లాడుకోలేదు. ఇంజను ఒక్కటే కొట్టుకుంటోంది. సగం దూరం వచ్చాక మా ఆవిడ తను కొన్న దండ తీసి నా చేతిలో పెట్టింది. నావైపు చూడలేదు, నీళ్లకేసే చూస్తోంది.

"ఏవండీ, ఈ గింజల్ని ఇక్కడ వైరూరో అంటారట. అచ్చం మన గురివిందల్లా లేవూ?" అంది.

ఒక గింజ పట్టుకుని చూశాను. ఎర్రగా నిగనిగలాడుతోంది. తిప్పాను. కింద నలుపు.