నేల జబ్బుకి పొట్లం మందా?

మా రోజుల్లో టమాటా మొక్క పచ్చగా ఉండగానే తల వాల్చేస్తే పెద్దవాళ్లు ముందు నేల వైపు చూసేవాళ్లు. ఇప్పుడు బూర్గంపాడు నుంచి అశ్వారావుపేట దాకా ఎక్కడ చూసినా ఒకటే తంతు. మొక్క వాలింది, ఫోన్లో ఫొటో తీశారు, మందుల షాపులో చూపించారు, అతనిచ్చిన పొట్లం పంపులో కలిపి కొట్టేశారు. జబ్బు వేర్లలో ఉంటే ఆకుల మీద కొట్టి ఏం లాభం నాయనా?

ముందు జబ్బేదో తేల్చుకోవాలి. వాలిన మొక్క కాండాన్ని మొదట్లో కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, కోసిన కొన నీళ్లలో మునిగేలా కదపకుండా పట్టుకోండి. కాసేపటికి కొన నుంచి తెల్లగా, పాలలాంటి సన్నటి ధార కిందికి జారితే, అది బాక్టీరియా ఎండు తెగులు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప అన్నిటికీ వస్తుంది. నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది, పారే నీళ్లతో పక్క చేలోకి పోతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఎవరి మట్టి ఎవరి మడిలోకి చేరిందో ఎవరు చెప్పగలరు?

ఆ పొట్లంలో ఉండేది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. మొదటిది క్షయ రోగానికి దొరికిన తొలి మందు. రెండోదాని కుటుంబానికి పెద్ద ఆరియోమైసిన్. అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలో తయారై 1948లో లోకానికి తెలిసింది. మనుషుల ప్రాణాలు నిలపడానికి శాస్త్రవేత్తలు అంత కష్టపడితే మనం ఆ మందుల్ని చేలల్లో పారబోస్తున్నాం. సూక్ష్మజీవులు ఆ మందుకి అలవాటుపడిపోతే రేపు ఆసుపత్రిలో మన బిడ్డకి ఏం ఇస్తారు? పంటల మీద ఈ మందుల వాడకాన్ని 2024 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపాలని కేంద్రం 2021 చివర్లోనే ముసాయిదా ఇచ్చింది. కొట్టే చెయ్యి మాత్రం ఆగలేదు.

మేం వంగ తీసిన మడిలో మళ్లీ వంగ వేసేవాళ్లం కాదు. జొన్న వేసి నేలకు ఊపిరి ఇచ్చేవాళ్లం. గాదెలో గింజకి వావిలాకు, వేపాకు కలిపేవాళ్లం. ఘాటున్న ఆకులో బలం ఉంటుందని మాకు ఎవరూ పాఠం చెప్పలేదు.

ఆ బలాన్నే ఫ్లోరిడా శాస్త్రవేత్తలు 2003లో కొలిచి చూపించారు. వాముకి ఆ ఘాటు తెచ్చే థైమాల్‌నీ, పామరోజా గడ్డి నూనెనీ తెగులు మట్టిలో కలిపి, వారం ఆగి టమాటా నారు నాటితే మొక్కలు వాడలేదు. నిమ్మగడ్డి నూనె కూడా మట్టిలోని బాక్టీరియాని అణిచింది. టీ ట్రీ నూనె మాత్రం ఏమీ చెయ్యలేకపోయింది. అంటే వాసనొచ్చే ప్రతిదీ మందు కాదు. ఈ నూనెలు బాక్టీరియా పైపొరని చీలుస్తాయి, లోపలి సరుకు కారిపోయి అది చస్తుంది. అయితే ఆ పరీక్ష జరిగింది గ్రీన్‌హౌస్‌లో. బయట ఎండకి నూనె ఆవిరైపోతుంది, మట్టిని కప్పి ఉంచాలి.

ఇప్పటి పిల్లలకి ఆ వారం ఆగే ఓపికేదీ? వీడియోలో ఎవరో చెప్పాడని నిమ్మగడ్డి నూనె తెచ్చి నేరుగా ట్యాంకులో పోసేస్తారు. నీళ్లతో నూనె కలుస్తుందా? పైన తేలి, చివరికి ఒకే సాలు మీద పడి ఆకు మాడిపోతుంది. మేం వేపనూనెకైనా కుంకుడు రసం కలిపి, తెల్లగా కలిసిపోయేదాకా చిలికేవాళ్లం. పైగా ఈ నూనె పని నాటకముందు మట్టిలో. వాలిపోయిన మొక్కని ఏ నూనే లేపదు, దాన్ని వేళ్లతో సహా పీకి తగలబెట్టాల్సిందే.

అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది. మన నేలలో, మన ఎండకి, ఏ నూనె ఎకరానికి ఎంత పడుతుందో, ఖర్చు గిట్టుతుందో లేదో రైతుల కళ్లెదుటే తేల్చి చూపించాలి. అందుకు మడి కావాలంటే తెగులు పట్టిన నా పల్లపు మడి ఇస్తాను. నీళ్లు నేనే పెడతాను.