సింగపూర్ లెక్కలో మిగిలిన కారు

మా మేనల్లుడు హైదరాబాదులో ఊళ్లకు ట్రాఫిక్ సలహాలమ్మే కంపెనీలో పనిచేస్తాడు. మొన్న సెలవుకొచ్చి, పిడుగురాళ్ల బస్టాండు దగ్గర టీకొట్టు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు.

"మావయ్యా, మన ఊరికి ట్రావెల్ డిమాండ్ మేనేజ్‌మెంట్ ప్లాన్ రాశా."

"అంటే ఏందిరా?"

"రోడ్డు వెడల్పు చేయక్కర్లేదు. అవసరం లేని ప్రయాణాలు మానిపిస్తే చాలు."

టీకొట్టాయన పాలగిన్నె దించాడు. "ఈ ఎండలో అవసరం లేకుండా రోడ్డెక్కేదెవుడు సారూ?"

నిజానికి ఈ శాస్త్రం పల్నాడుకి కొత్త కాదు. పల్నాటి కథలో, కోడిపందెంలో ఓడిన మాచర్ల వాళ్లను నాయకురాలు నాగమ్మ ఏడేళ్లు ఈ ఛాయలకు రావద్దంది. అంత గట్టి రాకపోకల నియంత్రణ ఏ దేశమూ చేసి ఉండదు. ఫలితం కారంపూడి యుద్ధంలో తేలింది.

మావాడు ముందు ఢిల్లీ పేజీ తీశాడు. 2016 జనవరిలో పదిహేను రోజులు అక్కడ సరి-బేసి నడిపారు. బేసి తేదీన బేసి నంబరు కార్లు, సరి తేదీన సరి నంబరు కార్లు. ఇక్కడా పెడదామన్నాడు. అంతలో బట్టీల వైపు నుంచి సున్నం లారీ వచ్చింది. "ఆ నంబరు చదువు" అన్నా. కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. ప్లేటు మీద దట్టంగా సున్నం. చివరి అంకె మూడో, ఎనిమిదో ఆ డ్రైవరుకే తెలియాలి. పక్కన టీ తాగుతున్న ఆటో అతను, "మా ఫైనాన్సాయనక్కూడా సరి నెల, బేసి నెల ఉంటాయేమో కనుక్కో బాబూ" అన్నాడు.

ఢిల్లీ మూసి సింగపూర్ తెరిచాడు. అమరావతికి మాస్టర్ ప్లాన్ గీసిచ్చిన దేశం కదా, పొరుగునే ఉన్న మాకూ ఓ ముక్క రాలకపోతుందా! 1975 జూన్‌లో అక్కడ, పొద్దున పూట ఊరి నడిబొడ్డుకొచ్చే కారుకి రోజుకి మూడు డాలర్ల లైసెన్సు పెట్టారు. కారులో నలుగురుంటే మాత్రం ఉచితం. బస్సులు, సరుకు లారీలు, మోటారు సైకిళ్లకూ అప్పట్లో మినహాయింపే.

"నలుగురుంటే చాలా?" అని ఆటో అతను లేచి తన బండిని చూపించాడు. డ్రైవరు సీటుకి అటొకరు ఇటొకరు, వెనక నలుగురు, వాళ్లకెదురుగా చెక్క మీద ముగ్గురు, డిక్కీలో కాళ్లు బయటికేసి ఇద్దరు, వాళ్ల మధ్య మిరపకాయల బస్తా. సింగపూర్లో అయితే ఇది దేశసేవ. మా దగ్గర ఓవర్‌లోడ్ చలానా.

మావాడు తీసివేతలు మొదలెట్టాడు. లారీలు పోయె. బైకులు పోయె. ఆటోలు, బస్సులు పోయె. అప్పుడొచ్చింది అద్దాలెక్కించుకున్న ఓ తెల్ల కారు. ముందు డ్రైవరు, వెనక సారు. ఇద్దరే! ఆ నిబంధన ప్రకారం మా సెంటర్లో ఆ కాసేపట్లో డబ్బు కట్టాల్సిన బండి అదొక్కటే. మావాడు చప్పున మినహాయింపుల కింద ఇంకో వరుస కొట్టాడు: అధికారిక వాహనాలు.

"ఇప్పుడు వసూలెంత?"

"సున్నా."

సున్నం ఊరికి సరిపోయింది.

లండన్‌లో 2003 ఫిబ్రవరిలో ఐదు పౌండ్ల రుసుము పెట్టిన రోజే మూడొందల బస్సులు అదనంగా దింపారు. ఆ పేజీ ఏదిరా అంటే, "అది క్లయింటు బడ్జెట్లో లేదు మావయ్యా" అన్నాడు. అంతేలే. బస్సులకు విడిగా దారేసిన బొగొటా లాంటి ఊళ్లను చూసి బెజవాడలోనూ వేశారు. ఇప్పుడు 'బీఆర్‌టీఎస్ రోడ్డు' అంటే ఏ ఆటో అతనైనా తీసుకెళ్లి దింపుతాడు. ఆ 'బీ' అంటే బస్సని దిగినవాడికి ఎవరో ఒకరు చెప్పాలి.

బయటి నుంచొచ్చి మా ఊళ్లో నిజంగా వేరు పట్టింది ఆడవాళ్ల ఉచిత బస్సు. 2023 జూన్‌లో కర్ణాటకకొచ్చి, డిసెంబరుకి తెలంగాణ చేరి, 2025 ఆగస్టు 15న మా దగ్గరికొచ్చింది. కెమెరాలొద్దు, ల్యాప్‌టాపొద్దు, ఆధార్ కార్డు చాలు. పల్లెవెలుగులో మగాళ్లు కడ్డీ పట్టుకుని వేలాడుతున్నారు. డిమాండు తగ్గించే చదువు చదివిన మావాడికి ఇదేమీ మింగుడు పడలేదు. ఆటో అతనికైతే ఇంకా పడలేదు. "ఆ రోజునుంచి ఆడకూతుళ్లంతా బస్సే. ఈ బండి నిండటానికి అరగంట పట్టింది బాబూ" అన్నాడు.

సాయంత్రం మావాడు దాచేపల్లి వెళ్లాలి. అక్కడ వాళ్ల మేనత్త ఉంది. బస్సు కిక్కిరిసి వెళ్లిపోయింది. వెళ్లి అదే ఆటో దగ్గర నిలబడ్డాడు.

"ముందుకొచ్చి నా పక్కన సర్దుకో బాబూ. ఇంకొకళ్లొస్తే కదులుద్దాం."

ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఒక కాలు బయటికేసి కూర్చున్నాడు. వెనక తెల్ల కారు ఒకటే హారన్.