ఎండకు కొటేషన్ ఎవరిస్తారు?

మే నెల. దౌల్తాబాద్‌లో మధ్యాహ్నం రెండింటికి తడి తువ్వాలు తీగ మీద వేస్తే, అవతలి కొస సర్దేలోపు ఇవతలి కొస అప్పడమవుతుంది. సరిగ్గా ఆ వేళకు మా బావమరిది చెమటలు కక్కుకుంటూ వచ్చి నా ముందు రంగురంగుల పుస్తకమొకటి పడేశాడు. అట్ట మీద బట్టలారబెట్టే మిషను. లోపల 15 కిలోవాట్ల హీటరట.

"బావా, మనూళ్లె లాండ్రీ పెడ్తున్న. మామూలుది గాదు, కమర్షియల్."

అతన్ని తప్పుపట్టలేం. మా కొడంగల్ ఎమ్మెల్యే ముఖ్యమంత్రి అయిన 2023 డిసెంబరు నుంచి మా మండలంలో ప్రతివాడికీ తన వాటాకు ఏదో ఒకటి రాబోతోందని నమ్మకం. కొడంగల్‌కు మెడికల్ కాలేజీ మంజూరైంది. కాలేజీ అంటే ఆసుపత్రి, ఆసుపత్రి అంటే పడకలు, పడకలంటే దుప్పట్లు, దుప్పట్లంటే మురికి, మురికంటే మా బావమరిది. ఆ గొలుసంతా అతను మంచం మీద పడుకునే అల్లేశాడు.

"మరి కరెంటు?"

"ఫ్రీ గదా బావా!"

ఫ్రీయే. 2021 ఏప్రిల్ 1 నుంచి మన రాష్ట్రంలో నాయీబ్రాహ్మణుల సెలూన్లకు, రజకుల లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచితం. మా బావమరిది రజకుడు కాడు. కానీ వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న కుర్రాడున్నాడు. మీటరు ఆ కుర్రాడి పేరు మీద, మిషను తన పేరు మీద, చాకిరీ మళ్లీ ఆ కుర్రాడి పేరు మీద. దీన్ని అతను భాగస్వామ్యం అంటున్నాడు.

సరే, లెక్క వేద్దామని కాగితం తీశాను. కరెంటు ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లనుకుంటే గంటకు ఒక యూనిట్. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 30 రోజులు ఆపకుండా కాలినా 240. అంటే ఆ 250 యూనిట్లు ఇస్త్రీ బండిని కొలిచి కుట్టిన చొక్కా. ఇప్పుడు అదే చొక్కా డ్రయరుకు తొడగండి. హీటరొక్కటే గంటకు 15 యూనిట్లు. 250ని 15తో భాగిస్తే 16 గంటల 40 నిమిషాలు. రోజుకు అదే ఎనిమిది గంటల లెక్కన ఒకటో తారీఖు పొద్దున మొదలుపెడితే రెండో తారీఖు సాయంత్రానికి నెల అయిపోయినట్టే.

బావమరిది కాసేపు ఆలోచించాడు. "పొలం కాడ పెడ్తే? బోరు మోటరుకు త్రీఫేజు ఉండనే ఉండె, అదీ ఫ్రీయే." పత్తి చేనుకు ఇచ్చే కరెంటు పత్తి బట్టకు ఎందుకు వర్తించదని అతని వాదన. చట్టం సంగతేమో కానీ తర్కం నాకూ నచ్చింది.

రెండు రోజులకు హైదరాబాద్ నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. మెడకు టై. ఈ ఎండలో టై కట్టుకుని డ్రయరు అమ్మడానికి వచ్చిన మనిషి ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే. పైగా బుద్ధిమంతుడు. అసలు చూడాల్సింది డ్రయరును కాదు, వాషరు పిండే బలాన్ని అని చెప్పాడు. దాన్ని జీ-ఫోర్స్ అంటారు. తిరిగే డ్రమ్ములో బట్ట తన బరువుకు ఎన్ని రెట్లు గోడకు నొక్కుకుంటుందో ఆ లెక్క. 100 రెట్ల దగ్గర ఆగిపోయే మిషను నుంచి పది కిలోల బట్ట బయటికొస్తే దానితోపాటు ఎనిమిది తొమ్మిది కిలోల నీళ్లొస్తాయి. 300 దాటించే మిషనైతే ఆ నీళ్లు ఐదు కిలోలకు దిగుతాయి. కిలో నీటిని ఆవిరి చేయడానికి డ్రయరు దాదాపు ఒక యూనిట్ తింటుంది. తిప్పి వదిలించే నీళ్లకు అందులో పిసరంత చాలు. కాబట్టి వేడిని కొనకండి, పిండుడును కొనండి అన్నాడు.

అరుగు మీద కూర్చుని వింటున్న అవ్వ, ఇస్త్రీ బండి కుర్రాడి నాయనమ్మ, తన రెండు చేతులు చూసుకుంది. "గీ ముచ్చట మా అత్త నాకెప్పుడో జెప్పింది బిడ్డా. గట్టిగ పిండకుంటె రెండు పూటలైనా ఆరవు."

అంత వేగంగా తిరిగే మిషన్లలో రెండు రకాలు. స్ప్రింగుల మీద ఊగేది ఒకటి. దానికి పునాది అక్కర్లేదు, ఖరీదెక్కువ. నేలకు బోల్టులతో బిగించేది రెండోది, చవక. మా బావమరిది వేలు చవక దాని మీదే ఆగింది. "మన దుకాన్ల తాండూరు బండలున్నయి. ఏనుగెక్కినా పలగవు."

"ఏనుగు నిమిషానికి ఏడొందల చుట్లు తిరగదు కదా సార్," అన్నాడు టై మనిషి.

మట్టి మీద పరిచిన బండ పునాది కాదు. బోల్టు కొడితే చీలుతుంది, చీలిన బండ మీద మిషను నడక నేర్చుకుంటుంది. బండలు లేపాలి, తవ్వాలి, ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోయాలి, రోజుల తరబడి నీళ్లు కట్టాలి. సిమెంటుకు కొదవా? కరన్‌కోట్‌లో సిమెంటు కార్పొరేషన్ ఫ్యాక్టరీ దశాబ్దాలుగా ఉంది. ఆ సిమెంటూ సున్నపురాయే, ఈ బండా సున్నపురాయే. చివరికి మా బోరు నీళ్లలో కరిగి సబ్బును నురగనివ్వకుండా చేసేదీ ఆ రాయే. పునాదికి అక్కరకొచ్చిన రాయి వాషరులో నీళ్లు కాచే హీటరుకు పొలుసై అంటుకుంటుంది. దాన్ని ఆపడానికి నీళ్లను మెత్తబరిచే ఇంకో మిషను, దానికి మూటలకొద్దీ ఉప్పు. టై మనిషి కొటేషన్‌లో ఇంకో పేజీ తిప్పాడు. అవ్వ వాళ్లు చౌడు మట్టి తెచ్చి, బట్టలు బానలో పెట్టి ఆవిరికి ఉడకేసేవాళ్లు. దానికి కొటేషన్ ఉండేది కాదు. కూలి కూడా ఉండేది కాదు, ఊరు పెట్టినంత తినడమే. పాతదంతా బంగారమని నిట్టూర్చేవాళ్లు ఆ రెండో సంగతి మరిచిపోతుంటారు.

తలుపు కొలత, మురుగు పైపు కొలత, ఎనిమిది అంగుళాల పొగగొట్టం పక్క దుకాణం వైపు తిప్పితే వచ్చే తగాదా, జల్లెడలో పేరుకునే నూగును ఎప్పటికప్పుడు తీయకపోతే అంటుకునే నిప్పు... ఇవన్నీ టై మనిషి చెబుతూనే ఉన్నాడు. మా బావమరిది మాత్రం మిషను ఏ రంగులో దొరుకుతుందని అడిగాడు.

ఇంతా చేసి డ్రయరు దండగ అంటే నేను అబద్ధమాడినట్టు. హాస్టల్లో చదివిన ప్రతివాడికీ ఆగస్టు నెల తెలుసు. ముసురు పట్టిందంటే దండెం మీది దుప్పటి వారం రోజులైనా ముక్కవాసన కొడుతుంది, ఆ దుప్పటే కప్పుకోవాలి. ఒకడికి గజ్జి వస్తే గదంతా గోక్కుంటుంది. గజ్జి పురుగు 50 డిగ్రీలు దాటిన వేడిలో పది నిమిషాలుంటే చస్తుంది. ఆగస్టులో మా సూర్యుడి దగ్గర ఆ వేడి దొరకదు. ఆసుపత్రి దుప్పటి సంగతి మరీను. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఉతికే నీళ్లు 65 డిగ్రీల మీద పది నిమిషాలో, 71 మీద మూడు నిమిషాలో నిలవాలని నియమం రాసుకున్నారు. అలాంటిచోట మిషను విలాసం కాదు. మిషను కావాల్సినవాళ్లు హాస్టల్లో గోక్కుంటున్నారు, కొటేషన్ మాత్రం మా బావమరిది చేతిలో ఉంది.

చివరగా టై మనిషి తన దగ్గరున్న వింత తీశాడు. చొక్కా గుండీ అంత బిళ్ల. బట్టకు కుట్టేస్తే అది ఎవరిదో కంప్యూటరు చెబుతుందట. అవ్వ లోపలికి వెళ్లి పాత దుప్పటి ఒకటి తెచ్చి మూల విప్పి చూపించింది. నల్లజీడి గింజ రసంతో పెట్టిన మూడు చుక్కలు, ఓ గీత. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గుర్తు. "గిది మీ ఇంటిదే," అంది నాతో. మా అమ్మ పోయి పన్నెండేళ్లయింది.

బావమరిది ఆ దుప్పటి వంక చూడనే లేదు. త్రీఫేజు లోడుకు దరఖాస్తు నింపుతున్నాడు. మర్నాడు కరెంటు ఆఫీసుకు నన్నూ వెంట తీసుకెళ్లాడు. 'ఏ పని నిమిత్తం' అన్న గడిలో 'బట్టలు ఆరబెట్టుటకు' అని గుండ్రంగా రాశాడు. బల్ల అవతలి ఆయన అది చదివాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ కుక్క కూడా లేదు, కంకర రోడ్డు తెల్లగా మండుతోంది. కాగితం మళ్లీ చదివాడు.

"వానలు పడ్డంక రాండ్రి," అన్నాడు.