యువభారతిలో ఒక మెట్టు

నేనొక కాంక్రీటు మెట్టుని. మెట్టంటే ఎక్కి దిగేది కాదు, కూర్చునేది. కోల్‌కతాలో సాల్ట్‌లేక్ స్టేడియం అని లోకమంతా పిలిచే వివేకానంద యువభారతి క్రీడాంగణంలో మూడంతస్తుల గ్యాలరీలున్నాయి. అందులో నడిమి అంతస్తులో, గోల్‌పోస్టుకు కాస్త ఏటవాలుగా నా చోటు. మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్ ఉండటంతో బంతి నాకు ఎప్పుడూ దూరమే. నాకు దగ్గరైంది మనుషులు.

ఒకప్పుడు ఇక్కడంతా ఉప్పునీటి చిత్తడి. హుగ్లీ నది ఒండ్రు తెచ్చి పూడ్చి, దాని మీద ఊరు కట్టారు. ఆ ఊళ్లో 1984 జనవరిలో ఈ స్టేడియం తలుపులు తెరిచింది. అంతకు మూడున్నరేళ్ల కిందట, 1980 ఆగస్టు 16న, ఇదే కోల్‌కతాలో ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆడుతుంటే గ్యాలరీలో కొట్లాట రేగి, తొక్కిసలాటై 16 మంది అభిమానులు చనిపోయారు. ఆట చూడ్డానికి ఇంట్లో చెప్పి వెళ్లినవాళ్లు. ఆ తేదీని ఈ నగరం ఇప్పటికీ ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తుంది. ఆ రోజు వచ్చిందంటే రక్తదాన శిబిరాలు పెడతారు. నా మీద కూర్చున్న పెద్దవాళ్లు ఆ ఊసెత్తినప్పుడల్లా గొంతు తగ్గించేవారు. గ్యాలరీ మెట్టుగా నా పని ఏమిటో నాకు తెలిసింది ఆ మాటల వల్లే. వచ్చినవాడు ఆట చూసి, వచ్చిన కాళ్లతో ఇంటికి పోవాలి. తక్కినవన్నీ దాని తర్వాతే.

తొలి రోజుల్లో నా మీద కుర్చీ లేదు, నంబరు లేదు, గీత కూడా లేదు. ముందొచ్చినవాడిదే చోటు. ఎండాకాలం మధ్యాహ్నం నేను పెనంలా కాలేదాన్ని. వానాకాలం నాచు పట్టి కాలు జారేది. జనం దినపత్రిక తెచ్చి, సగం చదివి, సగం పరిచి దాని మీద కూర్చునేవారు. ఆట ముగిసేసరికి వేరుశనగ తొక్కలు, ఝాల్‌మూరీ పొట్లాలు, తడిసి అంటుకుపోయిన అచ్చు అక్షరాలు నా మీద మిగిలేవి. తమ జట్టు గెలిచిందంటే ఆ కాగితాలనే చుట్టి కాగడాలు వెలిగించేవారు. ఆ మసి మర్నాడు ఊడ్చేవాళ్లు ఎంత రుద్దినా పోయేది కాదు.

1997 జూలై 13, ఆదివారం. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్. మళ్లీ ఆ రెండు జట్లే. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా తన డైమండ్ వ్యూహంతో ఆ ఏడాది అందరినీ చిత్తు చేస్తున్నాడు. అటుపక్క ఈస్ట్ బెంగాల్‌కు పి.కె. బెనర్జీ. వారం రోజులుగా పేపర్లలో ఆ ఇద్దరి మాటల యుద్ధమే. ఆ రోజు లోపలికి వచ్చినవాళ్లు 1,31,781 మంది అని లెక్క. భారతదేశంలో ఒక ఫుట్‌బాల్ ఆటకు అంత జనం అంతకు ముందూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నలుగురు కూర్చునే చోట ఏడుగురు ఇరుక్కున్నారు. నడిచే దారుల్లోనూ మనుషులే.

ఆ ఇరుకులో నాకు బాగా గుర్తున్నది ఒక తండ్రీ కొడుకూ. టిటాగఢ్ జనపనార మిల్లు కార్మికుడు అతను. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో హుగ్లీ ఒడ్డు మిల్లులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అతని వేళ్ల సందుల్లో జనపనార నూగు ఇంకా అంటుకునే ఉంది. పిల్లాడికి ఎనిమిదేళ్లుండొచ్చు.

"నాకేటీ అగుపడ్డం నేదు నాన్నా" అన్నాడు పిల్లాడు.

"నా బుజాలెక్కి కూకోరా. జుట్టొగ్గీకు, గట్టిగా అట్టుకో."

తొంభై నిమిషాలు ఆ మనిషి కొడుకును భుజాల మీదే మోశాడు. తను చూసింది తక్కువే. ముందున్నవాడి వీపు అతనికి అడ్డం. "ఎవుడు కొట్టినాడ్రా?" అని పైకి చూసి అడగటం, "బైచుంగే నాన్నా, మల్లీ బైచుంగే" అని పిల్లాడు చెప్పటం. బైచుంగ్ భూటియా ఆ రోజు మూడు గోల్స్ కొట్టాడు. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఆ రాత్రి ఈస్ట్ బెంగాల్ ఇళ్లలో ఇలిష్ కూర ఘుమఘుమలాడి ఉంటుంది. మన గోదావరి పులస ఉందే, ఆ చేపే అక్కడ ఇలిష్. గెలిస్తే వాళ్లు అది వండుకుంటారు, మోహన్ బగాన్ వాళ్లు గెలిస్తే రొయ్యలు.

ఆ రోజును తలుచుకుని జనం పొంగిపోతారు. నేనూ పొంగిపోతాను. కానీ ఆట అయ్యాక జరిగింది కూడా చెప్పాలి. ఒక్కసారిగా అందరూ లేచారు. మెట్ల దారి మీద కాలు కింద పెట్టే సందు లేదు. ఆ తండ్రి కొడుకును దించి, రెండు చేతులతో గుండెకు అదుముకుని, నా మీదే అలా నిలబడిపోయాడు. జనం పలచబడేదాకా కదల్లేదు. ఈడెన్ సంగతి అతనికి తెలుసు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదంటే అది అలాంటి తండ్రుల ఓపిక వల్ల, కొంత అదృష్టం వల్ల. కట్టడం గొప్పతనం మాత్రం కాదు. అందులో భాగమైన నేను ఈ మాట అంటున్నాను.

ఇంకోటి. ఆ రోజుల్లో నా మీద ఆడవాళ్లు కూర్చోవడం అరుదు. వాళ్లకు ఆట మీద ఇష్టం లేక కాదు. ఇరుకులో తోపులాట, శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవడం, చీకటి పడ్డాక బయటికి పోయే దారి. ఇవన్నీ చూసి ఇంట్లోనే రేడియో పెట్టుకునేవారు. సగం నగరాన్ని గేటు బయటే ఉంచి లక్ష మంది వచ్చారని గొప్పగా చెప్పుకున్నాం.

ఆ తర్వాత పెద్ద పెద్ద రాత్రులు చాలానే చూశాను. 2008 మేలో జర్మనీ గోల్‌కీపర్ ఓలివర్ కాన్ బాయర్న్ మ్యూనిక్ తరఫున మోహన్ బగాన్ మీద ఇక్కడే ఆడాడు. 2011 సెప్టెంబరు 2న అర్జెంటీనా, వెనిజులా ఆడాయి. పూర్తిస్థాయి కెప్టెన్‌గా మెస్సీకి తొలి ఆట అదే. ఓటమెండీ తలతో కొట్టిన గోలుతో 1-0. 2012 డిసెంబరులో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ డెర్బీలో గ్యాలరీలోంచి ఎవడో విసిరిన రాయి మోహన్ బగాన్ ఆటగాడు రహీం నబీ ముఖానికి తగిలింది. విరామం తర్వాత ఆ జట్టు మళ్లీ మైదానంలోకి రాలేదు. ఆ సాయంత్రం తలుచుకోవడం నాకు ఇష్టం లేదు.

అప్పటికి నాకూ వయసు మీద పడింది. బంగాళాఖాతం గాలి, ఏటా వానలు. పగుళ్లలో నీళ్లు దిగి లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బితే పైనున్న కాంక్రీటును తన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. 2017లో పదిహేడేళ్ల లోపు కుర్రాళ్ల ప్రపంచ కప్పును భారత్ నిర్వహించాలని తేలాక, నన్ను బాగుచేయడానికి మనుషులు వచ్చారు.

మొదట ఒక మేస్త్రీ చిన్న సుత్తితో నన్ను వరసగా తట్టుకుంటూ వెళ్లాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయినచోట డబడబమంటుంది. డబడబమన్నచోటల్లా సుద్దముక్కతో గుండ్రం గీశాడు. గీసినచోట చెక్కి, చువ్వ బయటపడేదాకా తవ్వి, తుప్పును తీగ బ్రష్షుతో గీకి, పైన మందు పూసి, మరమ్మతు మోర్టారు కూరారు. దాని మీద నీరు దిగకుండా పూత. ఆ తర్వాత డ్రిల్లు. కొలతలు చూసి, చువ్వ తగలని చోట రంధ్రం తొలిచి, పొడి ఊది, బోల్టు దించి, దాని మీద కుర్చీ బిగించారు. వెన్ను ఆనించుకునే బకెట్ కుర్చీ. దానికో నంబరు.

చూసేవాళ్లకు ప్లాస్టిక్ కుర్చీ ఏముంది, చిన్న విషయం. కానీ ఫిఫా ఆ కుర్చీ గురించి ఎంత చెప్పిందో చూడండి. ఒక్కొక్కరికి విడివిడిగా ఉండాలి, నేలకు బిగించాలి, నంబరుండాలి, విరగకూడదు, నిప్పంటుకోకూడదు, వీపు ఆనే భాగం కనీసం 30 సెంటీమీటర్లు ఎత్తుండాలి. ముందు వరుసకూ వెనక వరుసకూ మధ్య చోటుండాలి, మోకాళ్లు తగలకూడదు. లేచి పోయేవాడికి దారుండాలి. ముందువాడి తల మీదుగా వెనకవాడి చూపు మైదానం అంచు దాకా పోవాలి. ఈ చివరి లెక్కే ఇంజినీర్లకు తలనొప్పి. కొత్తగా కట్టే గ్యాలరీకైతే ఎత్తూ వెడల్పూ కాగితం మీదే సరిచేసుకోవచ్చు. ఎప్పుడో పోతపోసిన మెట్టును సాగదీయలేరు కదా. నా వెడల్పు ఎంతో అంతే. దానికి తగ్గట్టే కుర్చీల్ని అమర్చాలి. అప్పుడు లెక్క తగ్గక తప్పదు.

తగ్గింది కూడా. లక్షా ఇరవై వేలని చెప్పుకున్న చోటు అరవై వేల పైచిలుకుకు దిగింది. ఊళ్లో చాలామంది బాధపడ్డారు. "యువభారతి చిన్నబోయింది" అన్నవాళ్లున్నారు. నాకు వాళ్ల మీద కోపం లేదు, ఆ 1997 ఆదివారం నాకూ ప్రాణమే. అయినా ఈ విషయంలో నేను కుర్చీ పక్షం. ఇంగ్లండ్‌లో హిల్స్‌బరో స్టేడియంలో 1989 ఏప్రిల్ 15న నిలబడి చూసే ఇనుప కంచెల గ్యాలరీలో జనం నలిగిపోయారు. చివరికి మృతుల సంఖ్య 97. 1990లో టేలర్ నివేదిక వచ్చాక అక్కడి పెద్ద మైదానాలన్నీ అందరికీ కుర్చీలుండేలా మారాయి. గ్యాలరీ ఖాళీ కావడానికి ఎనిమిది నిమిషాలు మించకూడదని అక్కడి భద్రతా నియమం. మన దగ్గర ఎనిమిది నిమిషాల్లో లక్షా ముప్పై వేల మంది ఎలా బయటపడతారు? పడలేరు. ఆ తండ్రి కొడుకును అదుముకుని నిలబడింది అంతకంటే చాలాసేపు.

2017 అక్టోబరు 28న ఆ కుర్రాళ్ల ప్రపంచ కప్పు ఫైనల్. మైదానంలో కృత్రిమ పచ్చిక పోయి బెర్ముడా గడ్డి వచ్చింది. స్పెయిన్ రెండు గోల్స్ కొట్టి ముందుకుపోయింది. విరామానికి ముందు ఇంగ్లండ్ ఆటగాడు బ్రూస్టర్ ఒకటి తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ కుర్రాళ్లు ఆగలేదు. ఫోడెన్ రెండు కొట్టాడు. 5-2. అరవై ఆరు వేల మందికి పైగా చూశారు. నా మీద ఒక తల్లి, ఇద్దరు కూతుళ్లు కూర్చున్నారు. చిన్నది మధ్యలో నిద్రపోయింది. దాని తల వెనక్కి వాలితే ఆనుకోవడానికి వీపు పలక ఉంది. పెద్దది టికెట్ మీద నంబరునూ కుర్చీ మీద నంబరునూ పదేపదే సరిచూసుకుంటోంది, ఇది నాదే కదా అన్నట్టు. ఆట ముగిశాక ముగ్గురూ చేయి చేయి పట్టుకుని మామూలుగా నడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ మామూలు నడక కోసమే ఇన్ని డ్రిల్లు దెబ్బలు తిన్నాను.

తెలుగు పాఠకులకు ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఈ నగరపు ఆటలో హైదరాబాద్ వాటా చిన్నది కాదు. 1966లో వచ్చిన మహమ్మద్ హబీబ్ మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1977లో పెలేతో వచ్చిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచినప్పుడు అందులో ఒక గోలు ఆయనది. ఆయన ముద్దుపేరు బడేమియా అంటే ఈ ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ లేచి నిలబడతారు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే. 2023 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక్కడ ఐఎస్ఎల్ సెమీఫైనల్ ఆడి పెనాల్టీల్లో ఓడింది. ఆ రాత్రి పైవరుసలో తెలుగు కేకలు కొన్ని వినిపించాయి. ఆ ఏడాదే ఆగస్టు 15న హబీబ్ కన్నుమూశాడు.

2025 డిసెంబరు 13న మెస్సీ మళ్లీ వచ్చాడు, ఈసారి ఆడటానికి కాదు, కనిపించడానికి. వేలకు వేలు పోసి టికెట్ కొన్నవాళ్లకు అతని చుట్టూ మూగిన పెద్దమనుషుల వీపులే కనబడ్డాయి. కాసేపటికే అతను వెళ్లిపోయాడు. అప్పుడు జనం కుర్చీలు పెరికి మైదానంలోకి విసిరారు. నా మీదివి కూడా. పెరికినవాళ్లను నేను సమర్థించను. ఆ కుర్చీ రేపు ఇంకొకరి చోటు. కానీ డబ్బిచ్చినవాడికి చూపు దక్కకుండా చేయడం కూడా ఒక భద్రతా లోపమే. భుజాల మీద కొడుకును మోసిన ఆ మిల్లు కార్మికుడు ఇవాళ వస్తే అలాంటి టికెట్ కొనగలడా? వచ్చే డెర్బీకి పైవరుసల్లో అతనికి అందే ధర ఉండి తీరాలి.

మరమ్మతుకు వచ్చే మేస్త్రీకి ఒక్క మాట. పెరికినచోట రంధ్రం అంచులు చితికిపోయి ఉన్నాయి. అందులోనే మళ్లీ బోల్టు దించితే పట్టు ఉండదు. దాన్ని శుభ్రంగా పూడ్చి, జానెడు పక్కన గట్టి కాంక్రీటులో కొత్తది తొలవండి. ముందు సుత్తితో తట్టి చూడండి, ఖంగుమనాలి.