అగ్రేసరుడు

ఆదోని నుండి ఎమ్మిగనూరునకు పోవు త్రోవలో, నల్లరేగడి చేలయందు పత్తి తెల్లగా విచ్చియుండు దినములలో, ఆ తెల్లదనమునకు పోటీగా ఇస్త్రీచొక్కా తొడిగి, ఎవరును పిలువకమునుపే వేదిక నెక్కి, ఎవరును అడుగకమునుపే భవిష్యత్తును వివరించు పురుషుడొకడు తప్పక తారసిల్లును. తల్లిదండ్రులు పెట్టిన పేరేదైనను నేనీతనిని అగ్రేసరుడనియే వ్యవహరింతును. ఏలయన, ప్రతి క్రొత్త పనికిని ఇతడే ముందు నడచును, వెనుక ఎవరు వచ్చుచున్నారో తిరిగి చూచుట మాత్రము ఇతని స్వభావమున లేదు.

అగ్రేసరుని వృత్తి కోళ్లపెంపకము, ప్రవృత్తి నాయకత్వము. మొదటిది నష్టము తెచ్చినకొలదియు రెండవది వర్ధిల్లుట ఇతని జాతకవిశేషము. గ్రుడ్ల కోళ్లు పెంచిన కాలమున, ఆదోని మిల్లుల పుణ్యమా యని పత్తిగింజల చెక్క చవుకగా వచ్చునని తెలిసి, సోయాచెక్క మాన్పించి దానినే దాణాలో దట్టించెను. పత్తిగింజలో గాసిపాల్ అను పదార్థము కలదు; అది కోడి కడుపున బడినచో, నిలువయుంచిన గ్రుడ్లలో పచ్చసొన పాచిరంగునకు తిరుగును. బేరగాండ్రు నాలుగు గ్రుడ్లు పగులగొట్టి చూచి, ముఖములు చిట్లించి, లారీ త్రిప్పుకొని పోయిరి. అగ్రేసరుడు చలింపలేదు. హరితవిప్లవము పొలములలో ఆగిపోయినదనియు, దానిని గ్రుడ్డు లోపలికి కొనిపోయినవాడు తానేననియు ఆ సాయంకాలమే ప్రసంగించెను.

ఇతని ప్రసంగమునకు శీర్షిక ఎల్లప్పుడు నొక్కటే: ‘శరవేగంగా మారుతున్న సాంకేతిక యుగంలో నాయకత్వం’. 1938లో ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును నెలకొల్పి మగ్గము నమ్ముకొన్నవారికి నీడ కల్పించిన మాచాని సోమప్పగారిని మొదట స్మరించును. 1982లో రైతు గ్రుడ్డుకు రైతే ధర చెప్పుకొనునట్లు జాతీయ గుడ్ల సమన్వయ సంఘమును నిలిపిన బి.వి.రావుగారిని పిమ్మట స్మరించును. మూడవ పేరు చెప్పక, చిన్నగా దగ్గి, మంచినీళ్లు త్రాగి, సభవారు తమంతట తామే గ్రహించుటకు వ్యవధి నొసగును.

ఇటీవల ఇతని నావహించినది మేలిక్రిములు కలిపిన ప్రోబయోటిక్ దాణా. విషయము నిజమునకు గొప్పదే. తల్లి పొదిగిన పిల్ల తల్లి వెంట దిబ్బలు గీరుచు, ఆమె కడుపులోని మేలిక్రిములను తనకు తెలియకయే సంపాదించుకొనును. హ్యాచరీ యంత్రమున పుట్టిన పిల్ల తల్లి నెరుగదు గనుక ఆ ఆస్తియు నెరుగదు. 1973లో ఫిన్లండునందు నూర్మి, రంతల అను శాస్త్రజ్ఞు లిరువురు పెద్దకోళ్ల ప్రేగులలోని పదార్థమును పిల్లలకు పట్టి చూడగా, అవి సాల్మొనెల్లా అను చెడ్డక్రిమికి ఓర్చి నిలిచినవి. మంచి క్రిములు ముందుగా ప్రేగు నాక్రమించినచో చెడ్డవానికి తావు దొరకదని తేలినది. కోళ్లు త్వరగా బరువెక్కుటకై దాణాలో యాంటీబయోటిక్కులు కలుపుటను ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి పూర్తిగా మాన్పించెను. మన దేశమును 2019లో కోలిస్టిన్ మందును పశువులకు, కోళ్లకు వాడరాదనెను. నాటినుండి ఈ మేలిక్రిములకు గిరాకి హెచ్చినది.

అగ్రేసరుని హృదయమును హరించినది మాత్రము ఇందలి రాజకీయము. ముందుగా వచ్చి కుర్చీలో కూర్చున్నవానిదే రాజ్యమట! సంఘములలో తానింతకాలము ఆచరించుచున్న ధర్మమునే కంటికి కానరాని క్రిములును పాటించుచున్నవని వినినంతనే వానిపై ఆతనికి బంధుప్రీతి కలిగెను. పైగా ఆ క్రిముల పొడి పొట్లముపై ‘గ్రాముకు నూరు కోట్లు’ అని అచ్చువేసియుండెను. ఏమియు నడుగక వెంటవచ్చు అంతటి ప్రజ ఏ నాయకునికి లభించును? వేడికి ఓర్చు బాసిల్లస్ బీజములు వేరు, ఓర్వని లాక్టోబాసిల్లస్ వేరు, లోనున్నవి రెండవ జాతివి అను సంగతి పొట్లము వెనుక సన్నని అక్షరములలో నుండెను. నాయకులు ముందువైపే చదువుదురు.

పొరుగు రైతుల నెల్ల పిలిపించి, బ్లీచింగు వాసన గుప్పుమను నీటిని బొక్కెనలో నింపించి, అందు పొడి కుమ్మరించి, “ధైర్యానికి ఇది గూడ ఉండనీ” అనుచు, మిగిలిపోయిన యాంటీబయోటిక్ నొక చెంచాడు పైన చల్లి, పటములు తీయువారి వైపు తిరిగెను. షెడ్డు ఊడ్చు అవ్వ చీపురు ప్రక్కన పెట్టి బొక్కెనలోనికి తొంగిచూచినది.

“సామీ, కొక్కెర తెగులుకి లసోటా టీకా నీళ్లల్లో ఇచ్చేపొద్దు బ్లీచింగు ఎయ్యొద్దంటారు, పాలపొడి కలపమంటారు గదా. టీకాలో పానం ఉండాదంట. ఈటికి పానం లేదా?”

“ఇది టెక్నాలజీ అవ్వా. నీకు అర్థం కాదులే.”

“అట్లనే సామీ. సచ్చినంక గూడ పనిజేస్తాయేమో మరి.”

ఆ నూరేసి కోట్ల ప్రజ బొక్కెన దాటకమునుపే నశించినది. అయినను మరునాడు పటములు మాత్రము తాలూకా అంతటను సెల్‌ఫోనులలో తిరిగినవి.

ఆనాడు వచ్చినవారిలో ప్రక్క షెడ్డు పెద్దాయన యొకడుండెను. ఆయన ఉపన్యాసమంతయు మరచి అవ్వ మాట నొక్కదానిని కొంగున ముడివేసికొని పోయినట్లున్నాడు. బ్లీచింగు తగులని బోరునీటిలో, ఏ మందును కలుపక, ఒక షెడ్డునకు పొడి పట్టించి, రెండవ షెడ్డునకు పట్టింపక, ఏ షెడ్డు ఎన్ని దాణా బస్తాలు తిన్నదో, ఏ కోడి ఎంత తూగినదో గోడమీద బొగ్గుతో వ్రాసికొనెను. కోళ్ల ఖర్చులో అధికభాగము దాణాయే గనుక, ఆ బొగ్గుగీతలను చూచుటకు రైతులు ఒకరి వెంట నొకరు రాసాగిరి. ఆయన వారితో మాటాడినది తక్కువ. దీపము తెచ్చి గోడకు దగ్గరగా పట్టుకొనెడివాడు. ఆ యేడు ఆ ప్రాంతమున మార్పు వచ్చినదన్నచో ఆ గోడ మీదుగానే వచ్చినది.

అగ్రేసరుని కోళ్లు తూకమునకు రాలేదు. దానికేమి? వైఫల్యమును అనుభవమని పిలిచి, ఆ అనుభవమునకు తానే అధ్యక్షత వహించుట ఇతనికి వెన్నతో పెట్టిన విద్య. ‘ఓటమి నేర్పే నాయకత్వం’ అని క్రొత్త శీర్షికతో ఎమ్మిగనూరున సభ పెట్టి, వచ్చినవారికి బిరియాని వండించెను. కోళ్లు ప్రక్క షెడ్డు పెద్దాయన వద్ద కొన్నవి. తిన్నవారెల్లరు మాంసము బహు రుచిగా నున్నదని మెచ్చుకొనగా, అగ్రేసరుడు వేదికపై లేచి నిలుచుండి, చేతులు జోడించి, ఆ ప్రశంసను వినయముతో స్వీకరించెను.